చార్మినార్‌కు బయలుదేరిన పులిహోర

ఎల్బీనగర్‌లో అండాలమ్మ ఇంటి పై వాటాలో ఏళ్ళ తరబడి కిరాయికున్న వేదవతి, ఆదివారం మొగుడితో గుంటూరు వెళ్ళిపోతోంది. లారీ కూడా మాట్లాడుకున్నారు. రాష్ట్రం విడిపోతే తమను ఇక్కడ ఉండనివ్వరని ఆమె భర్త శ్రీరామమూర్తికి బెంగ. "నా ఇంట్ల మిమ్ముల ఉండనియ్యనిది ఎవడయ్యా?" అని అండాలమ్మ ఎంత అడిగినా, ఆయన అట్టపెట్టెలు కట్టడం మానలేదు.

ఎవరు గడప దాటినా మళ్ళీ వస్తారో రారోనని హడలిపోయే మనిషి అండాలమ్మ. అయినా పోవద్దని అనలేకపోయింది. ఇన్నేళ్ళున్నా వేదవతి చార్మినార్ ఎక్కలేదని తెలిసి, పైనుంచి పట్నమంతా ఒక్కసారి చూపించి పంపాలని గురువారం పొద్దున్నే బయలుదేరదీసింది.

సకల జనుల సమ్మె, బస్సుల్లేవు. మరిది మట్టయ్య ఆటో తెచ్చాడు. ఇద్దరికి పులిహోర కలపమంటే వేదవతి పెద్ద స్టీలు డబ్బా నిండా కలిపింది. ఆమెకు కొంచెం వండడం చేతకాదు.

దిల్‌సుఖ్‌నగర్‌లో దారి బంద్. నడిరోడ్డు మీద పొయ్యిలు పెట్టి ఉద్యమం వాళ్ళు వంటా వార్పు చేస్తున్నారు. కండువా వేసుకున్న ఒకాయన ఆటోలోకి తొంగిచూశాడు.

"సమ్మె నాడు యాడికి పోతున్రు?"

షికారుకని ఎట్లా చెబుతుంది? అండాలమ్మ డబ్బా మూత తీసి చూపించింది. "చార్మినార్ కాడ వంటా వార్పు ఉంది గదా. గా దానికే."

ఆయన ముఖం వెలిగిపోయింది. "ఆడ గూడ పెట్టిన్రా? మాకెవ్వడు చెప్పనేలేదు. పదండి, మేమూ ఒస్తం."

"వదినా, ఏం జేసినవే?" అన్నాడు మట్టయ్య పళ్ళ బిగువున.

రెండు గుండిగలు, బియ్యం బస్తా, డప్పులు ఆటో వెనకే కదిలాయి. మలక్‌పేటలో ఇంకో గుంపు కలిసింది. చాదర్‌ఘాట్ దాటేసరికి టీవీ వాళ్ళొచ్చి వేదవతి నోటి ముందు మైకు పెట్టారు.

"మీదే ఊరమ్మా?"

"గుంటూరండి," అంది వేదవతి, అబద్ధం అలవాటు లేక.

డప్పులు ఆగిపోయాయి. అండాలమ్మ వేదవతి చెయ్యి పట్టుకుని ఆటోలోనే లేచి నిలబడింది. "గుంటూరైతేంది? మా ఇంటి మనిషి. మీకోసం పొద్దుగాల్నే లేచి వండింది."

"గుంటూరు అక్కకు జై," అన్నారెవరో. డప్పులు రెట్టింపయ్యాయి. అండాలమ్మ తల ఆటో కప్పుకు తగిలింది గానీ, ఆమె దించలేదు.

చార్మినార్ దగ్గర వంటా లేదు, వార్పూ లేదు. ఊరేగింపును చూడగానే పోలీసులు మెట్ల దారి మూసేశారు.

"పైకెక్కి జెండా కడదామనా?" అంది లేడీ కానిస్టేబుల్ విజయశ్రీ.

"జెండా లేదు బిడ్డా. గీమె ఊరిడిసి పోతున్నది, జర పైనుంచి పట్నం చూపిస్త."

విజయశ్రీ నమ్మలేదు. జెండా కోసం డబ్బా అడుగుదాకా వెతికింది. వెతికినకొద్దీ తింది. పొద్దుటి నుంచి ఆమెకు టీ కూడా దొరకలేదు. గుంపంతా కిందే కూర్చుని గుండిగలు పొయ్యెక్కించేలోగా, ఇద్దరి కొంగులూ గట్టిగా పట్టుకుని తనే పైకి తీసుకెళ్ళింది.

పైన గాలి వీస్తోంది. గుమ్మటాలు, కప్పులు, పొగలు కక్కే సందులు, ఎటు చూసినా పట్నమే. తనే కట్టించినంత గర్వంగా అండాలమ్మ చెయ్యి చాపింది.

"అగో, గదే మన ఎల్బీనగర్."

"అది దవాఖానలా ఉంది పిన్నిగారూ."

"దాని ఎనక."

వేదవతి కళ్ళు తుడుచుకుంటూ దవాఖాన వెనక్కి చూసింది. అంతలో ఫోన్ మోగింది, శ్రీరామమూర్తి.

"ఎక్కడున్నావు?"

"చార్మినార్ మీదండీ."

"ఇందాకే టీవీలో చూశాను. గుంటూరులో అన్నయ్యా చూశాడట. మనకని మాట్లాడిన ఇల్లు వేరేవాళ్ళకి ఇప్పించేశాడు. తెలంగాణ నాయకురాలిని మా వీధిలోకి తీసుకురావద్దన్నాడు."

"అయ్యో, మరి లారీ?"

"వద్దన్నాను. అండాలమ్మగారిని అడుగు, పై వాటా ఇంకెవరికైనా చెప్పేశారేమో."

అండాలమ్మ ఫోన్ లాక్కుంది. "పెట్టెలు ఇప్పు సారూ," అని, ఆయన మళ్ళీ మాట మార్చేలోగా పెట్టేసింది.

రాష్ట్రం విడిపోవడానికి ఇంకా ఏళ్ళు పట్టింది. గుంటూరు చుట్టాలు మాత్రం ఆ మధ్యాహ్నానికే విడిపోయారు.