మూడో అంతస్తుకీ నాలుగో అంతస్తుకీ మధ్య

లిఫ్టు మెకానిక్ ఆ శనివారం పొద్దున వేసుకున్న పథకం చాలా చిన్నది. అమ్మాయిని పదింటికల్లా బడిలో దింపాలి. దానికి ముందు, తాముండే అపార్ట్‌మెంటు లిఫ్టుని ఓ పది నిమిషాలు మధ్యలో ఆపాలి.

అమ్మాయి అతని భార్యకు మొదటి పెళ్లిలో పుట్టిన పిల్ల. తొమ్మిదో తరగతి. అతను ఆ ఇంటికొచ్చి ఏడాదిన్నరైనా గొడవలేం లేవు. ఎవరైనా "ఈయనెవరు?" అని అడిగితే మాత్రం "అమ్మ వాళ్ళాయన" అనేది. నిజమే కాబట్టి నొచ్చుకోవడానికి వీల్లేదు. అయినా అతను నొచ్చుకునేవాడు.

ఉపాయం కోసం సినిమాలు చూశాడు. పాత సినిమాల్లో మారుతండ్రి బెల్టు తీసేవాడు, కొత్తవాటిలో గిటారు తీస్తున్నాడు. అతనికి గిటారు రాదు. అయితే మూడు సినిమాల్లో మారుతండ్రీ పిల్లా ఎక్కడో ఒకచోట ఇరుక్కుపోయి, మనసు విప్పి మాట్లాడుకుని, తండ్రీకూతుళ్లై బయటికొచ్చారు. ఇరుక్కోవడమంటే తన వృత్తికి సంబంధించిన సంగతే కదా అనుకున్నాడు. పైగా ఆ రోజు బడిలో అమ్మాయి డిబేట్‌కి ఇచ్చిన అంశం కూడా 'సినిమాల్లో సవతి తల్లిదండ్రులు'.

కిందికి దిగుతున్న లిఫ్టు నాలుగో అంతస్తు దాటగానే, ముందే తాళం తీసి ఉంచిన పెట్టెలోకి వీపు వెనకనుంచి చెయ్యి పోనిచ్చి స్టాప్ స్విచ్ నొక్కాడు.

"అరెరె, ఆగిపోయిందే! పోన్లే, ఈలోగా మనసులో మాటలేమైనా ఉంటే..."

"పదింటికి నా డిబేట్," అంది అమ్మాయి.

అంతలో లైటు పోయింది, ఫ్యాను ఆగింది, అతని ఫోను మోగింది. అవతల వాచ్‌మన్.

"సార్, లిఫ్టు ఆగిందండీ. లోపల మనుషులున్నారు. మెయిన్ ఆపేశా. అర్జెంటుగా రండి."

"లోపలున్నది నేనేనయ్యా! మెయిన్ వెయ్యి."

"వెయ్యకూడదండీ. మీరే రాసి గోడకి అంటించారు. 'లోపల ఇరుక్కున్నవాళ్ళు ఎంత మొత్తుకున్నా వినరాదు. మెకానిక్ గానీ, ఆయన ఇంటిమనిషి గానీ చెబితేనే మెయిన్ వేయాలి.'"

"ఆ మెకానిక్కుని నేనే!"

"ఇప్పుడు మాత్రం మీరు ఇరుక్కున్నవారండీ."

ఫోను పెట్టేశాడో లేదో, కంపెనీ మేనేజరు. "మీ అపార్ట్‌మెంటు నుంచే కంప్లయింటు. ఎంతసేపట్లో చేరుకుంటావ్?"

"చేరుకునే ఉన్నాను సార్."

"శభాష్!"

ఆ వెంటనే ఆస్పత్రిలో నర్సుగా చేస్తున్న భార్య. "లిఫ్టులో ఎవరో ఇరుక్కున్నారని గ్రూపులో పెట్టారు. వాళ్ళ సంగతి తర్వాత చూడొచ్చు, ముందు పిల్లని బడిలో దింపండి. నేను ఆపరేషన్ గదిలోకి వెళ్తున్నా, ఫోనెత్తను."

తొమ్మిదీ నలభై. మెకానిక్‌కి చెమటలు పట్టాయి. "తల్లీ, లిఫ్టు పాడవలేదు. నేనే ఆపాను."

"తెలుసు. మీ వెనక అద్దముంది."

అమ్మాయి అతని చేతిలోంచి ఫోను తీసుకుని వాచ్‌మన్‌కి కలిపింది. "అంకుల్, ఆ రూల్లో రెండో వాక్యం చదవండి."

"...మెకానిక్ గానీ, ఆయన ఇంటిమనిషి గానీ..."

"ఆ ఇంటిమనిషిని నేను. మెకానిక్ గారి అమ్మాయిని. చెబుతున్నా, మెయిన్ వెయ్యండి."

"ఆ మాట ముందే చెప్పొచ్చుగా అమ్మా?"

లైటొచ్చింది. మెకానిక్ కళ్ళలో నీళ్ళతో అలాగే నిలబడిపోయాడు.

"స్విచ్చి మీరే తియ్యాలి," అని గుర్తుచేసింది అమ్మాయి.

డిబేట్‌లో ఆఖరున మాట్లాడింది. "సినిమాల్లో మారుతండ్రి ఒక్క పెద్ద సీను చేస్తే చాలు, పిల్ల మారిపోతుంది. మా నాన్న కూడా ఇవాళ పొద్దున లిఫ్టు ఆపి అలాంటి సీనొకటి చేశారు. ఫ్లాపయింది. వానొచ్చిన ప్రతిసారీ ఆయన ఈ బడి గేటు దగ్గర గొడుగు పట్టుకుని నిలబడతారు. దాన్నెవరూ సినిమా తీయరు. తీసినా టికెట్లు తెగవు."

రెండో బహుమతి వచ్చింది. మొదటి బహుమతి పిల్ల తండ్రి మామూలుగానే కూర్చున్నాడు. మెకానిక్ మాత్రం గర్వంతో కుర్చీలో నిలవలేక, అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ "మా అమ్మాయే" అని చెప్పుకుంటూ హాలంతా తిరిగాడు.

సోమవారానికల్లా గోడమీది రూల్సు కింద వాచ్‌మన్ చేతిరాతతో మూడో వాక్యం వెలిసింది: 'సినిమా చూసిన మర్నాడు మెకానిక్ గారు మెట్లు వాడవలెను.'