మా ఆయన చేతికొచ్చిన హ్యాండ్‌ప్యాన్

ప్రతి ఇంట్లో ఒక హ్యాండ్‌ప్యాన్ ఉండి తీరాలని నేను ప్రభుత్వాన్ని డిమాండ్ చేస్తున్నాను. పింఛను తీసుకునే మగవాళ్లున్న ఇంట్లో రెండు.

తెలియనివారికి చెబుతాను. రెండు ఉక్కు బాణళ్లను మూతికి మూతి అతికించి, పైన అక్కడక్కడా చొట్టలు పెడితే అదే హ్యాండ్‌ప్యాన్. ఒళ్లో పెట్టుకుని వేళ్లతో తట్టాలి. అది పుట్టిందే స్విట్జర్లాండ్‌లో, మా బెర్న్ ఊళ్లో. కాబట్టి భరించడం మా పౌరధర్మం.

మా ఆయన ఎర్విన్ రైల్వేలో టైంటేబుళ్లు వేసి రిటైరయ్యారు. ఈ వసంతంలో ఒక వారాంతపు హ్యాండ్‌ప్యాన్ శిక్షణకు వెళ్లి, ఒకటి కొనుక్కుని, పెళ్లినాటి ముఖంతో తిరిగొచ్చారు.

"మార్లీస్, దీంట్లో తప్పు స్వరమే లేదట. ఎక్కడ తట్టినా ఒప్పేనట."

ఎంత గొప్ప సంగతి! వయొలిన్ నేర్చుకునేవాడికి కొన్నేళ్లపాటు అవమానం తప్పదు. ఇక్కడో? మొదటిరోజే విద్వాంసుడు. చివరిరోజుకీ అంతే విద్వాంసుడు. మధ్యలో ఎక్కడికీ వెళ్లక్కర్లేదు.

ఇక ఇరుగుపొరుగు. మా బిల్డింగ్‌లో ఇన్నేళ్లూ మనుషుల మధ్య మాటల్లేవు. ఏదున్నా బట్టలుతికే గదిలో చీటీ అంటించడమే. అలాంటిది, పై అంతస్తు ఏష్లిమాన్ గారు స్వయంగా వచ్చి మా తలుపు తట్టారు.

"మీ వంటింట్లో కుళాయి కారుతోందేమో చూడమ్మా. అదే పనిగా టుంగు టుంగుమంటోంది."

"కుళాయి కాదండీ. మావారు సాధన చేస్తున్నారు."

"అయ్యో. ఎప్పటికి నయమవుతుందట?"

చూశారా, ఎంత ఆప్యాయత!

మధ్యాహ్నం చప్పుడు చేయకూడదు, ఆదివారం అసలే చేయకూడదు. ఇది మా బిల్డింగ్ చట్టం. దాంతో ఎర్విన్ ఆ బాణలిని వీపున వేసుకుని ఊళ్లోని ఆరే నది మలుపు దగ్గరి ఒడ్డుకు వెళ్లసాగారు. అక్కడ చెట్టుకొకరు చొప్పున ఇప్పటికే అదే పాట వాయిస్తున్నారు. ఈదుతూ వచ్చేవాళ్లు ఆ మలుపు రాగానే నీళ్లలోకి మునిగిపోతారు, అది దాటాకే తేలతారు. మా కుర్రకారుకు ఊపిరి బిగబట్టడంలో ఇంత శిక్షణ ఇంకెవరిచ్చారు?

మొన్న శనివారం ఆయన రొట్టె, జున్ను ఇంట్లోనే మరిచిపోతే పొట్లం కట్టి పట్టుకెళ్లాను. ఆయన బెంచీ మీద ఎవరో అమ్మాయి పక్కన, నావైపు వీపు పెట్టి కూర్చున్నారు. వాయించడం లేదు. మాట్లాడుతున్నారు.

"రిటైరయ్యాక పొద్దున్నే మెలకువొస్తే భయమేస్తుందమ్మా. నేను లేకపోయినా రైళ్లన్నీ టైముకే వస్తున్నాయి. ఇది తట్టినప్పుడు మాత్రం, మోగింది నా వల్లే కదా అనిపిస్తుంది."

పొట్లం పట్టుకుని అక్కడే నిలబడిపోయాను. ఇంట్లో "ఎలా ఉంది?" అని రోజూ అడుగుతాను. "బాగానే ఉంది" అంటారు. పెళ్లయిన దగ్గర్నుంచీ అదే జవాబు.

ఆ అమ్మాయి నన్ను చూసి, జరిగి చోటిచ్చింది.

"మీవారా అండీ? ఎంత బాగా మాట్లాడతారో."

ఎర్విన్ చెవులు ఎర్రబడ్డాయి. రొట్టె తుంచి సగం నా చేతిలో పెట్టారు.

"ఏంటి కబుర్లు?" అన్నాను.

"ఏముంది, ఊరికే" అన్నారు.

కాబట్టి హ్యాండ్‌ప్యాన్ వరమే, సందేహం లేదు. దాని పుణ్యాన మా ఆయనకు మాటలొచ్చాయి. ప్రస్తుతానికి నది ఒడ్డుదాకా వచ్చాయి. అక్కడి నుంచి మా ఇల్లు పెద్ద దూరమేమీ కాదు.