వర్షిత అధికారిక ఎత్తు

మనిషి ఎత్తు ఆ మనిషి సొంత వ్యవహారం అనుకునే అనాగరిక యుగం బ్రిటన్‌లో ముగిసిపోయింది. ఇప్పుడది ప్రతిభా నిర్ధారణ మండలి వ్యవహారం. బాస్కెట్‌బాల్‌ను వృత్తిగా ఆడబోయే అమ్మాయిలను ఏటా ఒక జాబితాకెక్కించి, క్లబ్బులు వంతులవారీగా ఎంచుకునే పద్ధతి ఒకటుంది. దాన్ని డ్రాఫ్ట్ అంటారు. ఆ జాబితాలో ఎవరుండాలో, ఉన్నవాళ్లు ఎంత పొడవుండాలో తేల్చేది బ్రాక్‌నెల్‌లో ఆఫీసున్న ఈ మండలి.

లండన్ శివారు హారోలో ఉండే బాపురావుకు ఇవేవీ తెలియవు. ఆయనకు తెలిసిందల్లా తన కూతురు వర్షితకు పద్దెనిమిదేళ్లనీ, అయిదడుగుల పదకొండంగుళాల పొడవనీ, పదో ఏటి నుంచీ డ్రాఫ్ట్‌లో తన పేరు పిలుస్తుంటే వినాలన్నదే ఆ పిల్ల కోరిక అనీ. (బాపురావు కోరిక మెడిసిన్. దాని ఫారం వేరు.) అయితే ఎనిమిదేళ్లుగా ప్రతి ఆదివారం ఆమెను ఆటకు తీసుకెళ్లి, చలి హాళ్లలో ప్లాస్టిక్ కుర్చీల మీద కూర్చుని ఫ్లాస్కులో చాయ్ తాగీ తాగీ, ఆయనకు తెలియకుండానే ఆ కోరిక ఆయనకూ అంటుకుంది. ఈ మాట ఆయన ఎవరికీ చెప్పలేదు.

మండలి యాప్‌లో ఫారానికి నూట పద్నాలుగు గడులు. పొద్దున ఏం తింటారు, ఎడమచేతి చిటికెనవేలి పొడవెంత, ఓడిపోయినప్పుడు ఎవరికి ఫోన్ చేస్తారు, అన్నీ అడిగారు. బంతి బుట్టలో పడుతుందా అన్న గడి మాత్రం లేదు. (ముసాయిదాలో ఉండేదట. అభిప్రాయభేదాలకు తావిస్తుందని తీసేశారు.) నలభై ఒకటో గడి తల్లిదండ్రుల ఎత్తు. బాపురావు రెప్ప వేయకుండా తనది అయిదడుగుల ఎనిమిది అనీ, భార్య స్నేహలతది అయిదడుగుల నాలుగు అనీ టైపు కొట్టేశారు.

ఈ రెండు అంకెలకూ చరిత్ర ఉంది. ఇరవై రెండేళ్ల కిందట కరీంనగర్‌లో పెళ్లి బయోడేటాలు రాసుకున్నప్పుడు, అందరిలాగే రెండు పక్షాలవాళ్లూ చెరో రెండంగుళాలు కలిపారు. ఒకరి సంగతి ఒకరికి తలంబ్రాలప్పుడే అర్థమైంది గానీ ఇద్దరూ మర్యాదస్థులు కావడంతో ఎవరూ నోరు విప్పలేదు. ఆ అంగుళాలు తర్వాత వీసా ఫారంలోకి వచ్చాయి, జీపీ అనే ఇక్కడి ఫ్యామిలీ డాక్టరు రికార్డుకు ఎక్కాయి, అక్కడ ఎత్తుకు తగ్గ బరువేనని బాపురావును కొంత కాపాడాయి.

పరీక్ష రోజున బ్రాక్‌నెల్ హాల్లో బంతులు లేవు. బంతుల రిస్క్ అసెస్‌మెంట్ ఇంకా పూర్తికాలేదు. ఎత్తుల సమన్వయాధికారి పెంబర్టన్ గారు టేపు పెట్టి వర్షితను కొలిచి, అయిదడుగుల పదకొండు అని కొట్టగానే యాప్ ఎర్రబడింది. దాని సూత్రం ప్రకారం తల్లిదండ్రుల ఎత్తులు కలిపి, అయిదంగుళాలు తీసేసి, సగం చేస్తే కూతురు అయిదడుగుల మూడున్నర ఉండాలి. మిగతా ఏడున్నర అంగుళాలకు ఆధారాల్లేవు.

"టేపు చూడండి," అన్నారు బాపురావు.

"టేపుకు పాస్‌వర్డ్ ఉండదు," అన్నారు పెంబర్టన్ ఎంతో సౌమ్యంగా. టేపుకూ యాప్‌కూ తేడా వస్తే యాప్‌దే చెల్లుతుందని పద్నాలుగో నిబంధన. అంత పొట్టి పిల్లను జాబితాకెక్కించాలా వద్దా అన్నది తర్వాత ఆలోచిస్తారు. అప్పీలు చేసుకోవాలంటే మంగళవారంలోగా తల్లిదండ్రులిద్దరూ వచ్చి, చెప్పులు విప్పి, కొలతకు నిలబడాలి. డ్రాఫ్ట్ శుక్రవారం.

ఆ సాయంత్రం హారోలో బాపురావు కలిపిన అన్నమే మళ్లీ కలుపుతూ కూర్చున్నారు. అప్పీలుకు పోతే బిడ్డ ముందు పరువు పోతుంది, పోకపోతే బిడ్డ డ్రాఫ్ట్ పోతుంది.

"మంగళవారం నాకు ఆఫీసుల సాఫ్ట్‌వేర్ రిలీజ్ ఉంది," అన్నారు కంచంలోకి చూస్తూ.

"ఏం రిలీజ్?" అంది స్నేహలత. ఆమె జీపీ క్లినిక్‌లో రిసెప్షనిస్టు, కుంటిసాకులు వినడమే ఆమె ఉద్యోగం. "మీ రెండు ఇంచుల సంగతి నాకు ఎర్క లేదనుకున్నరా? పెండ్లిల తలంబ్రాలు పోసేటప్పుడే చూసిన. మా నాయిన నాకు గూడ రెండు కలిపిండు. పోయి కొలిపించుకుందాం. పిల్ల బతుకు కన్న ఎక్కువనా?"

వర్షిత ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. "వెయిట్, డాడీ, యూ లైడ్ అబౌట్ యువర్ హైట్? టు మమ్మీ?"

"లై కాదు బిడ్డా. అప్పట్ల ఫార్మాట్ అట్ల ఉండె."

పిల్ల ఫక్కున నవ్వి, లేచి వచ్చి తండ్రి నెత్తి మీద గడ్డం ఆనించింది. అలా ఆనించడానికి ఆమె వంగాల్సి వచ్చింది. బాపురావుకు సిగ్గూ, సంతోషమూ రెండూ కలిగాయి. రిలీజ్ వాయిదా పడింది.

మంగళవారం ఆయన మడమ మెత్తలున్న బూట్లు విప్పి, ఊపిరి బిగించి నిలబడ్డారు. అయిదడుగుల ఆరు. స్నేహలత అయిదడుగుల రెండు. పెంబర్టన్ గారు వారి నిజాయితీని రాతపూర్వకంగా అభినందించి, కొత్త అంకెలతో మళ్లీ లెక్క కట్టారు. అప్పీలు ఆమోదించబడింది. ఫలితంగా వర్షిత మరో రెండంగుళాలు తగ్గి అయిదడుగుల ఒకటిన్నర అయింది.

బాపురావు ఇంగ్లీషులో మొదలుపెట్టి, కోపం హెచ్చేసరికి సొంత భాషలోకి జారిపోయారు. "ఏంది సార్ గిది? పిల్ల మీ ముంగటనే నిలబడ్డది కదా! జెర తలెత్తి చూడున్రి!"

పెంబర్టన్‌కు తెలుగు రాకపోయినా తల ఎత్తారు, చాలాసేపు ఎత్తాల్సి వచ్చింది. తర్వాత దించుకుని, చూసిన విషయాన్ని నమోదు చేసే గడి లేదని విచారం వ్యక్తం చేశారు. పేరు మాత్రం జాబితాలో చివరన చేర్చారు, కొన్ని క్లబ్బుల్లో పొట్టివాళ్ల కోటా ఖాళీగా ఉందట.

శుక్రవారం డ్రాఫ్ట్‌లో క్లబ్బులవాళ్లు యాప్ తెరిచారు. (అమ్మాయిలను నేరుగా చూడటం పక్షపాతానికి దారితీస్తుందని నిషేధించారు.) అయిదడుగుల ఒకటిన్నర ఎత్తున్న ఒక పిల్ల, పోయిన సీజన్‌లో తన ప్రత్యర్థుల తలల మీంచి మూడువందల పన్నెండు బంతులు లాక్కుందని అందులో ఉంది. ఇంత చిన్న ఒంటితో అంత పని చేసిన మనిషి ఈ దేశంలో పుట్టలేదంటూ కార్డిఫ్ లాంతర్లు అనే క్లబ్బు కోచ్ కళ్లు తుడుచుకుని, మొట్టమొదటి వంతులోనే వర్షిత పేరు పిలిచింది.

బాపురావు హాల్లో అందరిముందూ ఏడ్చేశారు. పేరును తప్పుగా పలికారని కూడా పట్టించుకోలేదు.

కార్డిఫ్‌లో వర్షిత ఇప్పుడు బాగానే ఆడుతోంది. క్లబ్బు పంపిన జెర్సీ బొడ్డు దాకా కూడా రాకపోతే, పెద్ద సైజు కోసం బాపురావు అర్జీ పెట్టారు. ఆటగత్తెను మరోసారి సరిచూసుకోవలసిందిగా జవాబు వచ్చింది. మొన్న జట్టు ఫొటో తీశారు. రికార్డు ప్రకారం అందరికన్నా పొట్టి కాబట్టి వర్షితను ముందు వరుసలో, మధ్యలో, మోకాళ్ల మీద కూర్చోబెట్టారు. అయినా వెనక నిలబడ్డ అమ్మాయి ముఖం ఫొటోలో పడలేదు. ఆ అమ్మాయికి ఆ రోజు గైర్హాజరు వేశారు.