శీతకంచుకాపహరణము

మధ్యాహ్నమార్తాండుడు రేకుల కప్పులను పెనమువలె కాల్చుచున్న వేళ, కాగితములు తప్ప మరేదియు మొలకెత్తని ఒకానొక కార్యాలయమున, విత్తనముల నిదురగదుల ముంగిట జరిగిన మహాసంగ్రామమును చెప్పెదను. ఓపిక గలవారు వినుడు. లేనివారు సూపరింటెండెంటు గదికి పోయి కునుకు తీయుడు, అచ్చట ఆ పనికి జీతమిత్తురు.

ఆ కార్యాలయమున రెండు శీతలగృహములు గలవు. సున్నకు ఇరువది డిగ్రీల దిగువన, బాగుగా ఎండబెట్టి వెండికాగితపు పొట్లములలో మూతి అంటించిన విత్తనజాతులు, పొలములలో తమ వంశము అంతరించినను తాము చావక, దశాబ్దముల తరబడి అందు నిద్రించుచుండును. ఆనాడు రెండవ గది యంత్రము గుర్రుమని, దగ్గి, ఆగిపోయెను. మెకానిక్కు మరునాటికి గాని రాడట. గోడమీది అంకె పైపైకి పాకుచుండెను. మున్నూటపన్నెండు పొట్లములను సాయంత్రములోగా మొదటి గదికి చేర్చవలెను.

ఆ భారమును వహించిన వీరాంగన, త్రాసుధారిణి, చెమ్మకు ఆగర్భశత్రువు, అందరును విత్తనాలక్క అని పిలుచు టెక్నీషియను, పలుచని నూలుబట్టలతోనే పనికి దిగి, ఇరువది పొట్లములు చేర్చునప్పటికి ఒళ్ళంతయు కొయ్యబారి వెనుదిరిగెను. ఆ మంచులో నిలువవలెనన్న దళసరి దూదికోటు కావలెను. కార్యాలయమంతటికి అట్టిది ఒక్కటియే. అదియు ఆ సమయమున సూపరింటెండెంటు ఒంటిమీద నుండెను.

ఎందుకందురా? ఆ కార్యాలయమున ఏసీ అంకెయే హోదా. గుమాస్తాకు ఇరువదియారు, హెడ్డుగుమాస్తాకు ఇరువదిరెండు, సూపరింటెండెంటునకు పదునారు. ఆ పదునారు సంపాదించుటకు ఆ మహానుభావుడు పందొమ్మిదేండ్లు కుర్చీ అరగదీసెను. సంపాదించిన పిమ్మట చలికి తాళలేక విత్తనముల కోటు తొడుగుకొనెను. అంకె పెంచిన చలి తగ్గును గాని, పరువును తగ్గును గదా!

విత్తనాలక్క పోయి కోటు అడిగెను. అంత ఆ దస్త్రకేసరి, సంతకశూరుడు, వాయిదావిద్యావిశారదుడు కుర్చీలో కొంచెము కదలి, కోటు ప్రభుత్వపు సొత్తనియు, మూడు ప్రతులలో అర్జీ పెట్టుకొనవలెననియు, భోజనానంతరము పరిశీలింతుననియు మేఘగంభీరస్వరమున ప్రకటించి, రెండుమారులు తుమ్మెను.

"సార్, ఆ గదిలో ఒక నల్లచిక్కుడు ఉంది. ఇంకెక్కడా లేదు. ఇచ్చిన ముసలమ్మ పోయింది, వాళ్ళ పొలంలో ఇళ్ళు లేచాయి. ఉన్నవన్నీ ఆ ఒక్క పొట్లంలోవే," అని ఆమె మొరపెట్టుకొనెను.

"చిక్కుడే కదమ్మా," అనెను ఆ కరుణాసముద్రుడు. "నాకు జలుబు చేస్తే ఎవరు చూస్తారు?"

ఆమెకు ఒళ్ళు మండెను. వరండాలోనికి వచ్చి, స్విచ్చుల పలకయెదుట నిలిచి, కొంగు బిగించి, కన్నులెఱ్ఱజేసి, కుడిచేతి చూపుడువ్రేలిని గదాదండమువలె ఎత్తి, ఆ గది ఏసీ స్విచ్చును నొక్కెను. అది టక్కుమని ఆరిపోయెను.

కిటికీలకు అట్టలంటించిన ఆ గుహలో పది నిముషములకు ఆయన నుదురు చెమర్చెను. పదునైదింటికి మెడ తడిసెను. నెత్తిమీద దీపము వెలుగుచునే యున్నను కరెంటు పోయినదని నిశ్చయించుకొని, కరెంటాఫీసు వంశవృక్షమునంతటిని తిట్టెను. ఇరువదియవ నిముషమున మొదట కుడిచేయి, పిదప ఎడమచేయి వెలికి వచ్చి, కోటు కుర్చీవీపున కూలెను. ఆ క్షణముననే మూడు ప్రతుల అర్జీతో ఆమె గుమ్మమున నిలిచెను.

"తీసుకెళ్ళమ్మా. విత్తనాల కోసం నేను ఎంత త్యాగమైనా చేస్తాను," అనెను. వింత యేమనగా, ఆ మాటను ఆయన నిజముగనే నమ్మెను.

చెమటకు తడిసిన ఆ కవచమును ముక్కు మూసుకొని ధరించి, విత్తనాలక్క శీతలగృహమున ప్రవేశించి, పంపకముల వేళ పాలివారు పొలము కొలిచినంత శ్రద్ధగా పొట్లములను లెక్కించి అరలలో పేర్చెను. నల్లచిక్కుడును మాత్రము రెండుచేతులతో పట్టుకొని తెచ్చెను. అప్పుడామెకు ఏడుపు వచ్చెను. ఆ చలిలో అదియు రెప్పలమీదనే గడ్డకట్టెను.

కావున దిక్కులు వినుగాక! మున్నూటపన్నెండు పొట్లములు ఒక గదినుండి పక్కగదికి, సరిగా పదకొండడుగుల దూరము, విజయవంతముగా చేరెను. ఇంత చిన్న గెలుపును ఏ చరిత్రకారుడును వ్రాయడు. ఆ పదకొండడుగులు దాటకున్న, భూమిమీద నల్లచిక్కుడు ఉండెడిది కాదు.