మొహమాటానికి నలుగురు

ఆదివారం పొద్దున కాఫీ కప్పు పక్కన పెట్టుకుని జితేంద్ర రాబోయే వారం మొత్తానికీ పథకం వేశాడు. జర్మనీలోని వోల్ఫ్స్‌బర్గ్‌లో కార్లకు సాఫ్ట్‌వేర్ రాసే టీములో ఎవరికి ఏ పని ఇవ్వాలో తేల్చడమే అతని ఉద్యోగం కాబట్టి పథకాలు అతనికి కొత్త కాదు. కాకినాడలో అమ్మ బాలామణి దగ్గర ఉండడానికి ఒక మనిషి కావాలి. నలుగురు దొరికారు. సోమవారం మొదలుకుని తలా ఒక రోజు వచ్చి పనిచేసి చూపిస్తారు, తను వీడియోలో చూస్తాడు, శుక్రవారం ఒకరిని ఖాయం చేస్తాడు. జుట్టు కత్తిరించుకోవాలన్నా ముందుగా టెర్మిన్, అంటే అపాయింట్‌మెంట్, తీసుకునే దేశంలో ఇన్నేళ్ళుగా ఉంటున్నాడేమో, ఆ నలుగురికీ కూడా వేరువేరు టెర్మిన్లు ఇచ్చేసి నిశ్చింతగా కాఫీ తాగాడు.

నిశ్చింత అనేది ఆ ఇంట్లోకి వచ్చి చాలా కాలమైంది. చలికాలంలో బాలామణి స్నానాలగదిలో జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. లోపల కడ్డీ వేశారు, చేతికి వాకర్ ఇచ్చారు. అప్పటి నుంచి కాకినాడ నెంబరుతో ఫోను మోగితే చాలు, జితేంద్రకు గుండె జారిపోయేది. ఇన్నాళ్ళూ ఎదురు ఫ్లాటు సీతారత్నం రాత్రుళ్ళు వచ్చి తోడు పడుకుంటోంది. శనివారం ఆవిడ కూతురి పురిటికి రాజమండ్రి వెళ్ళిపోతుంది. ఆ తరువాత అమ్మ ఒక్కతే. తను వెళ్దామంటే కరోనా రెండో కెరటం ఇంకా సద్దుమణగలేదు, విమానాలు సగం లేవు, వెళ్ళినవాణ్ణి తిరిగి రానిస్తారో లేదో ఎవరూ చెప్పడం లేదు.

"ఒక్క మనిషి కావాల్నంటే నలుగురికి మాటిచ్చినవా?" అంది అతని భార్య రిషిత. వరంగల్ పిల్ల, కాకినాడ మొహమాటం ఆమెకు ఇంత కాలమైనా అంతుపట్టలేదు. "వద్దని చెప్పుడు రాదా నీకు?"

"మొదటావిడని చెప్పింది హానోవర్ డాక్టర్ రవీంద్రనాథ్‌గారు. డెబ్భైల నుంచి ఇక్కడున్న పెద్దాయన. ఆయనకి వద్దని ఎలా చెప్తాం?"

"మరి రెండో ఆయన?"

"తెలుగు సంఘం అధ్యక్షుడు పంపిస్తున్నాడు. వచ్చే ఉగాదికి మొహం ఎలా చూపిస్తాను? మూడో ఆవిడ మా పక్క టీము సుజిత్ వాళ్ళకి తెలిసినావిడ."

"మరి నాలుగో ఆమె? సాయి తేజకు గూడ భయపడ్డవా? మొన్ననే మాస్టర్స్‌కొచ్చిండు గద ఆ పిలగాడు!"

"వాళ్ళ మేనత్తట. లాక్‌డౌన్లో పని పోయిందట. ఎంత ఆశగా అడిగాడో తెలుసా?"

రిషిత చేతిలోని గరిటెను కాస్త గట్టిగా గిన్నెకేసి కొట్టింది.

సోమవారం ఎవరూ రాలేదు. డాక్టరుగారు చెప్పిన నర్సు కనకదుర్గకు ఫోను చేస్తే ఆమె ఆశ్చర్యపోయింది. "ఇవాళ అష్టమి కదండీ! అష్టమినాడు కొత్తింట్లో కాలెలా పెడతానండీ? అమ్మగారికే మంచిది కాదు. బుధవారం వస్తానండి." జితేంద్ర సరేనన్నాడు. మంగళవారం రావలసిన, అధ్యక్షుడు పంపే సత్తిబాబు ఇంకా సూటిగా చెప్పాడు. "నవమండి, పైగా మంగళవారమండి. ఎల్లుండి దాకా కూడా అక్కర్లేదండి, రేపు దశమండి, వచ్చేస్తానండి, ఆయ్." అతనికీ సరేనన్నాడు. బుధవారం టెర్మిన్ ఎలాగూ సుజిత్ చెప్పిన, వంట బాగా చేస్తుందన్న వీరవేణిది. మంగళవారం సాయంత్రం సాయి తేజ ఫోను చేసి, గురువారం దాకా ఎందుకన్నా, మా అత్త దివ్యమైన దశమి చూసుకుని రేపే వచ్చేస్తానంటోంది అన్నాడు. జితేంద్రకు గొంతులో 'వద్దు' అనే మాట సగం దాకా వచ్చి, బయటికి మాత్రం "సరే తమ్ముడూ" అని వచ్చింది. పంచాంగాన్ని లెక్కలోకి తీసుకోకుండా టెర్మిన్లు ఇవ్వకూడదని ఏ మేనేజ్‌మెంట్ క్లాసులోనూ ఎవరూ అతనికి చెప్పలేదు.

బుధవారం వర్జ్యం వెళ్ళేసరికి కాకినాడలో మిట్టమధ్యాహ్నం, వోల్ఫ్స్‌బర్గ్‌లో ఆఫీసు మొదలయ్యే వేళ. జితేంద్ర ఇంట్లోనే లాప్‌టాప్‌లో మీటింగు తెరిచి, తెర మీదే పక్క కిటికీలో అమ్మవాళ్ళ హాలు తెరుచుకుని కూర్చున్నాడు. అక్కడ టీవీ బల్ల మీద పెట్టిన టాబ్లెట్ అతనికి కన్నూ చెవీ. అతను చూస్తూండగానే తెల్లకోటు వేసుకుని, చేతిలో నీలం ఐసుడబ్బాతో కనకదుర్గ వచ్చింది. ఆ డబ్బాలో ఉన్నది ఆమె మధ్యాహ్నానికి తెచ్చుకున్న పెరుగన్నం. ఆమె వెనకాలే గుమ్మం నిండా సత్తిబాబు. తరువాత సొంత కుక్కరు సంచిలో పెట్టుకుని వీరవేణి. చివర పక్కబట్టలు చుట్టుకుని సాయి తేజ మేనత్త నూకాలు. నలుగురూ మాస్కులతో సోఫాలో ఒదిగి కూర్చున్నారు. ఎవరికి వారు మిగిలిన ముగ్గురూ చుట్టాలనుకున్నారు.

బాలామణి వాకర్ పట్టుకుని లోపల్నుంచి వచ్చి కుర్చీలో కూర్చునేలోగా కనకదుర్గ మర్యాదకు సత్తిబాబును పలకరించింది. "మీరు అమ్మగారబ్బాయేనాండీ? జర్మనీ నుంచి ఎప్పుడొచ్చారండీ?"

పెద్ద ఉద్యోగం చేసే నర్సమ్మ అడుగుతుంటే కాదని చెప్పడానికి సత్తిబాబుకు నోరు రాలేదు. "ఆయ్," అన్నాడు.

గుమ్మంలో నిలబడ్డ వాచ్‌మన్‌కు అంతే కావలసింది. జర్మనీ కొడుకు దిగాడు. పక్కన నర్సు. నర్సు చేతిలో ఐసుడబ్బా. టీకాల కోసం ఊరంతా ఆసుపత్రి గుమ్మాల దగ్గర పడిగాపులు పడుతున్న రోజులు. ఈ మూడు సంగతులూ అపార్ట్‌మెంట్ సెక్రటరీ భాస్కరరావుకు చేరేసరికి ఒకటే సంగతయ్యాయి. ఆయన వాట్సాప్ గ్రూపులో రాసేశాడు: 'బాలామణిగారి అబ్బాయి జర్మనీ టీకా తెచ్చారు. అందరూ ఆధార్ కార్డులతో రాగలరు.'

జితేంద్రకు కనిపించినది వేరు. మీటింగులో రాబోయే నెలల పనుల పంపకం గురించి అతను వివరిస్తూండగా, పక్క కిటికీలో అమ్మ ఇంట్లోకి జనం వస్తున్నారు. ఒకరు, నలుగురు, పది మంది. అందరూ అమ్మ కుర్చీ చుట్టూ మూగారు. వీపులు తప్ప ఏమీ కనబడడం లేదు. ఎవరో ముసలాయన చొక్కా చెయ్యి పైకి మడుచుకుంటున్నాడు. ఇంతమంది ఒక ఇంట్లో చేరేది ఎప్పుడో జితేంద్రకు తెలుసు. 

"అమ్మా!" అని అరిచాడు.

కాకినాడలో ఆ గోలలో టాబ్లెట్ పక్కనున్న సీతారత్నానికి తప్ప ఎవరికీ వినబడలేదు. మీటింగులో అందరికీ వినబడింది. కంగారులో అతను ఏ బొత్తాం నొక్కాడో గానీ, పనుల పంపకం పట్టిక పోయి, దాని స్థానంలో కాకినాడ హాలు తెర నిండా ప్రత్యక్షమైంది. అతని పై అధికారి ఫ్రావ్ లేమన్‌తో సహా టీమంతా చూస్తున్నారు. నిద్ర కళ్ళతో వచ్చిన కూతురు సహస్ర తెర మీద నాయనమ్మ ఇల్లు చూసి, ఓమా పుట్టినరోజా అని జర్మన్‌లో అడిగింది.

అంతలో తెర మీద టంగుమని చప్పుడైంది. బాలామణి వాకర్ ఎత్తి నేలకేసి కొట్టింది. జనం రెండు అడుగులు వెనక్కి జరిగారు, మధ్యలో ఆమె కనిపించింది. అమ్మ కూర్చునే ఉంది. కళ్ళజోడు సర్దుకుంటోంది. జితేంద్రకు ఊపిరి తిరిగి వచ్చింది.

ముప్పై ఏళ్ళు ఆడపిల్లల హాస్టలు వార్డెనుగా చేసిన మనిషి ఆమె. గొంతు పెంచవలసిన అవసరం ఎప్పుడూ రాలేదు. "ముందు దూరం దూరంగా నిలబడండి. టీకా లేదు ఏమీ లేదు. మా అబ్బాయి జర్మనీలోనే ఉన్నాడు, అదిగో, ఆ పలకలో. ఈ నలుగురూ నాకోసం వచ్చారు. మీలో ఎవరు లేపారీ పుకారు?"

భాస్కరరావు ముఖం వాడిపోయింది. "మరి ఎలాగండీ? టీకా అంటే ఆశపడి మా ఆవిణ్ణి మంచం మీంచి లేపి, స్నానం చేయించి, చీర కట్టి కూర్చోబెట్టానండీ."

"ఒక్కరే లేపారా?"

ఆయన తల ఊపాడు. పక్షవాతం వచ్చిన భార్యను చూసుకోవడానికి కరోనా భయంతో ఎవరూ రావడం లేదనీ, ఈ ఏడాదిగా అన్నీ తనే చేస్తున్నాననీ అప్పటి దాకా ఆ అపార్ట్‌మెంట్లో ఎవరికీ చెప్పుకోలేదు. ఆయన తల ఊపగానే మిగిలినవాళ్ళకూ నోళ్ళు పెగిలాయి. చొక్కా మడుచుకున్న ముసలాయన వంటావిడ మానేసినప్పటి నుంచి బిస్కెట్లతో బతుకుతున్నాడు. కింది ఫ్లాటు టీచరమ్మకు కరోనా తగ్గాక షుగరు ఎక్కువైంది, సూది వేసుకోవాలంటే చెయ్యి వణుకుతోంది. ఇద్దరి పిల్లలూ విదేశాల్లోనే ఉన్నారు. ఇద్దరూ పిల్లలతో ఫోన్లో 'బ్రహ్మాండంగా ఉన్నాం' అంటున్నారు.

బాలామణి సోఫా వైపు తిరిగింది. ఆ తరువాత జరిగింది చూస్తూ జితేంద్ర తెరిచిన నోరు మూయలేదు.

"సత్తిబాబూ, నువ్వు భాస్కరరావుగారింట్లో ఉండు. ఆవిణ్ణి లేపడం, కూర్చోబెట్టడం నీ పని. సాయంత్రం ఒకసారి వచ్చి నన్ను వరండాలో నడిపించు. కనకదుర్గా, నువ్వు టీచరమ్మ దగ్గర. పొద్దున్నే ముందు ఇక్కడికొచ్చి నాకు స్నానం చేయించి వెళ్ళు. వీరవేణీ, పెద్దాయనకి వంట చేసేటప్పుడు నాకూ ఇంత పడెయ్యి. ఉప్పు తక్కువ, ఇద్దరికీ. నూకాలూ, నీకు ఉండడానికి చోటుందా?"

నూకాలు కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. "లేదమ్మగారూ. అద్దిల్లు కాళీ చేయించేశారు."

"అయితే రాత్రుళ్ళు నా దగ్గరే పడుకో. మంచం సీతారత్నం చూపిస్తుంది."

వచ్చినవాళ్ళంతా తీసుకొచ్చిన ఆధార్ కార్డులు జేబుల్లో పెట్టుకుని, ఎవరికి కేటాయించిన మనిషిని వారు వెంటబెట్టుకుని వెళ్ళిపోయారు. భాస్కరరావు గుమ్మం దగ్గర ఆగి, వెనక్కి తిరిగి, రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాడు. ఆ దండంలో ఏడాది అలసట ఉంది. అది చూసి జితేంద్రకు కళ్ళు నిండాయి. తనను ఎత్తి పెంచిన మనిషే అయినా, ఇంత మనిషని ఇన్నేళ్ళూ తనకు తెలియలేదు. ఎవరో ఒకరు చూసుకోకపోతే ఏమైపోతుందోనని తను నెలల తరబడి బెంగపడింది ఈమె గురించేనా అనిపించింది.

బాలామణి అప్పటికి టాబ్లెట్ వైపు చూసింది. "ఏరా నాన్నా, అరిచావట? సీతారత్నం చెప్పింది."

"అమ్మా... ఇంత పని... ఎలా చేశావు?"

"నువ్వు పంపిన నలుగురిలో ఎవర్నని వద్దంటాను? ఇంటికొచ్చినవాళ్ళని వద్దనడం నాకూ రాదు. అందర్నీ ఉంచేశాను. డాక్టరుగారికీ, అధ్యక్షుడుగారికీ, మిగతావాళ్ళకీ నేనే ఫోను చేసి థాంక్స్ చెప్తాలే. నువ్వు ఎవరికీ మొహం చాటెయ్యక్కర్లేదు. వెళ్ళి పని చూసుకో."

అప్పుడు గుర్తొచ్చింది జితేంద్రకు, తను మీటింగులో ఉన్నాడని. తెర మీద టీమంతా అలాగే బిగుసుకుని చూస్తున్నారు. ఫ్రావ్ లేమన్ గొంతు సవరించుకుని, భాష ఒక్క ముక్క అర్థం కాకపోయినా పంపకం మొత్తం అర్థమైందని చెప్పి, ఇరవై మంది గొడవను ఒక్క చప్పుడుతో ఆపి నలుగురిని అంత తొందరగా సర్దిన ఆ పెద్దావిడ ఏ కంపెనీలో పనిచేస్తారని అడిగింది. రిటైరయ్యారని జితేంద్ర చెప్పాడు. తలుపు దగ్గర నిలబడి అంతా చూసిన రిషిత మెల్లగా దగ్గరికి వచ్చి, "మా నాయినకు గూడ హన్మకొండల ఒక మనిషిని చూడమని అత్తమ్మకు చెప్పవా?" అంది. గరిటె చేతిలోనే ఉంది గానీ చప్పుడు లేదు.

రిషిత ఒక్కతే అడిగి ఊరుకుంటే పోయేది. థాంక్స్ చెప్పడానికి బాలామణి ఫోను చేసినప్పుడు డాక్టర్ రవీంద్రనాథ్‌గారు ఏలూరులో ఉన్న తన అక్కగారి సంగతి ఎత్తారు. అధ్యక్షుడు తన అత్తగారి సంగతి ఎత్తాడు. నెల తిరిగేసరికి హానోవర్ నుంచీ, బ్రెమెన్ నుంచీ, ముఖం ఎరగని తెలుగువాళ్ళంతా అమ్మానాన్నలకు మనిషి కావాలని కాకినాడకే ఫోన్లు చేయడం మొదలుపెట్టారు. అమ్మ ఒంటరిగా ఉంటుందేమోనన్న దిగులు జితేంద్రకు పూర్తిగా పోయింది. అతను ఫోను చేసినప్పుడల్లా, మీరు ప్రయత్నిస్తున్న వినియోగదారుడు వేరొక కాల్‌లో ఉన్నారని ఒక గొంతు చాలా మర్యాదగా చెబుతోంది.