ముందుజాగ్రత్త కట్టు

“ఆ దేశంలో కాలో చెయ్యో విరిగితే పుత్తూరు కట్టు కట్టేవాళ్ళు ఉండారా?”

టిక్కెట్లయినా కొనకముందే నాగులమ్మకు వచ్చిన సందేహం ఇది. కూతురు భానుశ్రీకి నార్వేలో పాచి మీద పరిశోధన చేసే ఉద్యోగం వచ్చింది. పాచి కోసం అంత దూరం ఎందుకో, తమ బావి గట్టు మీదున్నది ఎందుకు పనికిరాదో నాగులమ్మకు అర్థం కాలేదు. పైగా అల్లుడూ, నాలుగేళ్ళ మనవరాలు లోహితా కూడా వెంట పోవాలి. అల్లుడు పిల్లను చూసుకుంటేనే కూతురు ఆ పని చేయగలదు.

అల్లుడు మునిప్రసాద్ తిరుపతిలో వ్యక్తిత్వ వికాసం పాఠాలు చెబుతాడు. కాబట్టి గొంతు సవరించుకున్నాడు.

“అత్తా, మనిషన్నవాడు అనిశ్చితిని ఆలింగనం చేసుకోవాల.”

“చేసుకో నాయనా. మంచులో జారి పడితే ఎవరు లేపుతారని అడగతా ఉండా.”

“పడనీ అత్తా. పడడమే పాఠం.”

ఆ మాట కాలనీ సంఘానికి తెగ నచ్చి, సన్మానం పెట్టింది. అలిపిరి రోడ్డులో కట్టిన ఫ్లెక్సీలో ‘తెలియని తీరాలకు సాహసయాత్ర’ అన్న అక్షరాల కింద మునిప్రసాద్ నిలువెత్తున నవ్వుతున్నాడు. ఉద్యోగం వచ్చిన భానుశ్రీ ఒక మూలన, ఫ్లెక్సీ వేసిన షాపువాడి ఫోన్ నంబరు పక్కన, తపాలా బిళ్ళంత ఉంది. శాలువా కూడా ఆయనకే కప్పారు. భయం మనిషికి సంకెల అని ఆయన గంటసేపు ఉపన్యసిస్తే చప్పట్లు కొట్టనిది నాగులమ్మ ఒక్కతే. విమానం కిటికీ ఊడిపోతే ఆ పక్కన ఎవరు కూర్చుని ఉంటారా అని ఆమె ఆలోచిస్తోంది.

ప్రయాణం వారం ఉందనగా మునిప్రసాద్ కుడిచేతికి పుత్తూరు కట్టుతో ఇంటికి వచ్చాడు.

“బండి మీద నుంచి పడినా. మూడు నెల్లు కదపకూడదంట. విధి, ఏం చేస్తాం భానూ. రాలేమని వాళ్ళకి రాసెయ్.”

వెళ్ళి చేరకపోతే ఆ ఉద్యోగం ఇంకొకరికి పోతుంది. భానుశ్రీ సగం సర్దిన పెట్టె వైపు చూస్తూ కూర్చుంది. నిజానికి నాగులమ్మ కోరుకున్నదే జరిగింది. కానీ భయపడడం అలవాటైన మనిషికి ఒకటి తీరేలోగా ఇంకొకటి సిద్ధంగా ఉంటుంది.

“ఎముక వంకరగా అతుక్కుంటే? మా సత్యవేడులో ఒకాయనకి అట్లే అతుక్కుని, ముద్ద నోటికి పోకుండా చెవికాడికి పోతాది. లెయ్ నాయనా, పోయి ఇంకోసారి చూపించుకొస్తాం.”

“వద్దత్తా. ఊరికే భయపడొద్దు.”

“భయపడేది నేను. నువ్వు బస్సెక్కితే చాలు.”

లోహితను పక్కింట్లో వదిలి ముగ్గురూ పుత్తూరు వెళ్ళారు. కట్టు కట్టే పెద్దాయన మునిప్రసాద్‌ను చూడగానే గుర్తుపట్టాడు.

“మళ్ళీ వస్తివా సారూ? విరగలేదప్పా, బెణకనూ లేదు, పో అంటే వింటివా? ముందుజాగ్రత్తకి కట్టాల్సిందేనని కూసుంటివి. పడకముందే కట్టు కట్టించుకున్నోణ్ణి నా జన్మలో నిన్నే చూసినా.”

వరండాలో కాళ్ళూ చేతులూ విరిగినవాళ్ళంతా తమ నొప్పులు మరిచి ఇటు తిరిగారు. భానుశ్రీ వచ్చి భర్త ఎదురుగా నిలబడింది.

“ఇప్పుడు చెప్పు. నువ్వు వస్తావా, రావా?”

పెద్దాయన కట్టు విప్పడం మొదలుపెట్టాడు. ఒక్కో చుట్టూ ఊడి వస్తోంది. బయట తిరుపతి బస్సు వచ్చి, జనాన్ని నింపుకుని వెళ్ళిపోయింది. నిక్షేపంలాంటి చెయ్యి బయటపడింది. భానుశ్రీ కదలలేదు.

“వస్తా” అన్నాడు చివరికి, ఆ చెయ్యి వంకే చూసుకుంటూ. “కాని భానూ, ఆడ కట్టు కట్టేవాళ్ళు ఉండారా అని అత్త అడిగింది కదా. కనుక్కుంటివా?”