సాక్ష్యంగా కొన్న పల్లీలు

ఆ ఉదయం తూనికల ఇన్‌స్పెక్టరు అద్దం ముందు నిలబడి గొంతు సవరించుకున్నాడు. "దీని మీద రెండు వందల గ్రాములని అచ్చు వేశారు. లోపలెంతుందో అందరి ముందూ తూద్దాం," అన్నాడు అద్దంతో. మాట బాగానే పలికింది. ఉద్యోగంలో చేరిన దగ్గర్నుంచి ఒక్క కేసూ పట్టలేదని ఆఫీసులో అతన్ని సున్నాగారు అంటున్నారు. ఇంట్లో ఈ సంగతి తెలియదు. తెలిసేలోపే ఆ పేరు చెరిపేసుకోవాలని అతని తాపత్రయం.

ముందురోజు సాయంత్రం మామూలు మనిషిలా వెళ్లి, పల్లీలక్క కొట్లో వేయించిన పల్లీల ప్యాకెట్టు కొన్నాడు. వేయించడం, ప్యాకెట్లకెత్తడం, అమ్మడం అన్నీ ఆవిడే. జనం ముందే తూచాలని, దాన్ని ముట్టుకోకుండా బీరువా మీద పెట్టాడు.

"కరెంటు పోలేదు కదా, కొవ్వొత్తి ఎవరు వెలిగించారు?" వంటింట్లోంచి భార్య అడిగింది.

"నాకేం తెలుసు తల్లీ?" అన్నారు మామగారు, పేపరు చాటు నుంచి. "నాకు టిఫిను పెట్టకు. కడుపు నిండుగా ఉంది."

డాక్టరు ఉప్పు మాన్పించినప్పటి నుంచి ఆయనకు ఇంటి తిండి మీద అలకే. ఇన్‌స్పెక్టరు పట్టించుకోలేదు. ప్యాకెట్టు సంచిలో వేసుకుని బయల్దేరాడు.

పల్లీలక్క కొట్టు ముందు మిషను పెట్టి ప్యాకెట్టు దాని మీద ఉంచాడు. నూట నలభై చూపించింది.

"ఏమ్మా, ఇదేనా రెండు వందలు?"

పల్లీలక్క మొహం పాలిపోయింది. "నా చేత్తో తూచి పోశాను బాబూ. ఎలా తగ్గుతుంది?"

"అది నన్నడిగితే ఎలా?"

ఆ మాట వీధంతా పాకింది. పక్క కొట్లవాళ్లు టపటపా షట్టర్లు దించేశారు. ఒకాయన ఖాళీ ప్యాకెట్టు పట్టుకొచ్చాడు.

"ఇందులో ఎంత తగ్గిందో చూడండి సార్."

"అందులో ఏమీ లేదుగా!"

"అదేగా నా బాధ!"

కబురు అంది పై అధికారి జీపు దిగాడు. "మొత్తానికి సున్నా చెరిపేశావోయ్!" అని జనంలోనే భుజం తట్టాడు. "మిగతావి కూడా తూచు. పెద్ద కేసే అయ్యేట్టుంది."

ఒక్కొక్కటీ తూచారు. ప్రతిదీ రెండు వందలు దాటింది.

"తక్కువైందన్న మాట పడలేక ఎప్పుడూ నాలుగు గింజలు ఎక్కువే వేస్తాను సార్," అంది పల్లీలక్క కొంగుతో కళ్లు ఒత్తుకుంటూ.

అధికారి మొదటి ప్యాకెట్టును వెలుతురులోకి ఎత్తాడు. అడుగు అంచు నున్నగా ఉంది. పై అంచు వంకరటింకరగా కాలి, మసిబారి ఉంది.

"ఓహో!" అంటూ పల్లీలక్క వైపు తిరిగాడు. "సీలు విప్పి, పల్లీలు తీసి, కొవ్వొత్తి మీద మళ్లీ అతికించావన్నమాట. ఇంకో కేసు కూడా రాయవయ్యా ఇన్‌స్పెక్టరూ!"

కొవ్వొత్తి అనగానే ఇన్‌స్పెక్టరు చెవులు వేడెక్కాయి. నిండుగా ఉన్న కడుపు కూడా గుర్తొచ్చింది. నోరు మూసుకుంటే తనకు రెండు కేసులు. పల్లీలక్క అతని మొహంలోకే చూస్తోంది. చూపు తిప్పుకుందామంటే ఎటు చూసినా జనమే.

"సార్... ఇది మా ఇంట్లో తగ్గింది."

"మీ ఇంట్లోనా?"

"మా మామగారికి... ఉప్పు మాన్పించారు."

ముందు ఖాళీ ప్యాకెట్టు ఆయన నవ్వాడు. తర్వాత వీధి వీధంతా నవ్వింది. షట్టర్లు కూడా ఒక్కొక్కటే పైకి లేచాయి. అధికారి జీపెక్కాడు.

"తప్పయిపోయిందక్కా. క్షమించు," అన్నాడు ఇన్‌స్పెక్టరు తల వంచుకుని.

పల్లీలక్క పల్లెత్తు మాట అనలేదు. ఉప్పు కలపని పల్లీలు కొత్త ప్యాకెట్టులో పోసి, సీలు వేసి, అతని చేతిలో పెట్టింది. "పెద్దాయనకు ఇవ్వండి బాబూ," అంది. నాలుగు తిట్లు తిట్టినా అతనికి అంత సిగ్గనిపించేది కాదు.

ఇంటికొచ్చి ఆ ప్యాకెట్టును మామగారి ముందు పెట్టాడు. ఆయన దాన్ని అరచేతిలో ఎగరేసి చూసి, తృప్తిగా తలాడించారు.

"ఇప్పుడు పల్లీలక్క సరిగ్గా తూచింది. గట్టిగానే దబాయించినట్టున్నావు అల్లుడూ!"